చూరు కింద ఎర్రచుక్క

నా భార్య తెరాబోను చంపింది ఆమె అన్న తెకినైతి. ఇందులో తర్కించడానికి ఏమీ లేదు. సముద్రం తీసుకుపోయిందని ఊళ్ళో ప్రార్థనల్లో చెప్పుకుంటారు. సముద్రం ఎవరినీ పిలవదు. వెళ్ళవచ్చని ఒక మనిషి చెబితేనే ఇంకో మనిషి దాని మీదికి వెళ్తాడు. వెళ్ళవచ్చని చెప్పింది తెకినైతి.

యుద్ధం ముగిసిన పదకొండో ఏడు అది. అంతకు ముందటి ఏడు గాలివానకు మా ఊరి మనేబా కప్పు కూలిపోయింది. ఊరంతా కలిసి కూర్చునే ఇల్లు లేకపోతే అది ఊరు కాదు, నాలుగు గుడిసెలు. కొత్తది కట్టడానికి పెద్దలు కూర్చున్నారు. పక్క ఊరివాళ్ళ మనేబా మాదానికన్నా పెద్దది. అందుకని కొత్తది వాళ్ళదానికన్నా పెద్దదిగా ఉండాలన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది తెకినైతి. పాత రాతిస్తంభాలనే పెకలించి దూరం దూరంగా పాతారు.

మనేబాలో ఏ వంశం చోటు దానిది. తాత వీపు ఆన్చిన స్తంభానికే మనవడూ ఆనుకుంటాడు. తెకినైతి వాళ్ళది నడిమి స్తంభం, తూర్పు ముఖం. చుక్కను చూసి కాలం చెప్పే హక్కు వాళ్ళ వంశానిది. మా వంశానిది చూరు. మొగలాకు కుట్టి చూరు కప్పడం, ఏటేటా చిరుగులు మార్చడం మా వంతు. మిగతా విషయాల్లో మాకూ నోరుంది. చుక్క విషయంలో లేదు.

పిల్లలకోడి చుక్కలు ఏలే ఆర్నెల్లు మాకు పడమటి గాలి. ఆ కాలంలో పడవ దీవి దాటకూడదు. మా నికునావు దీవికి పడమట బేరు దీవి ఉంది. తూర్పున ఏమీ లేదు. పడమటి గాలికి దొరికిన పడవ తూర్పుకు కొట్టుకుపోతే ఇక దాని సంగతి ఎవరికీ తెలియదు. తర్వాతి ఆర్నెల్లు రిమ్విమాటా ఏలుతుంది. అది ఎర్రచుక్క. అది ఎక్కాక తూర్పు గాలి నిలబడుతుంది. తెరచాప ఎత్తితే మధ్యాహ్నం దాటేసరికి బేరులో ఉంటాం.

ఎక్కిందో లేదో చూసే పద్ధతి ఒకటుంది. పొద్దు గుంకాక, అరచేతి గీతలు కనిపించకుండా పోయే వేళ, నడిమి స్తంభానికి వీపు ఆన్చి కూర్చున్నవాడికి ఎర్రచుక్క తూర్పు చూరు అంచుకు తగలాలి. తగిలితే అతను "ఎక్కింది" అంటాడు. అప్పుడు ఎవరికైనా సందేహం ఉంటే అడగవచ్చు. ఎవరూ అడగకపోతే అందరూ అరచేత్తో చాప మీద ఒక్క దెబ్బ కొడతారు. ఆ దెబ్బ పడ్డాక కాదనకూడదు. కాదన్నవాడి చాప తీసుకెళ్ళి బయట పరుస్తారు. వాడి కొడుకులకూ లోపల చోటు ఉండదు.

మా నాన్న నాకు ఇంకో లెక్క నేర్పాడు. చూరు కప్పేవాడికి కొలత చేతిలో ఉండాలనేవాడు. నడిమి స్తంభం దగ్గర కూర్చుని చెయ్యి చాచి పిడికిలి పట్టాలి. సముద్రం అంచు నుంచి చూరు అంచుదాకా పిడికిలి మీద పిడికిలి, సరిగ్గా రెండు పట్టాలి. బొటనవేలితో కలిపి పిడికిలికి ఐదు వేళ్ళ లెక్క. అది చూసుకునే చూరును దించడమో ఎత్తడమో చేసేవాళ్ళం.

కొత్త మనేబాకు చూరు కప్పుతున్న రోజు నేను నిచ్చెన దిగివచ్చి నడిమి స్తంభం దగ్గర కూర్చుని పిడికిలి పట్టాను. ఒక పిడికిలి, దాని మీద ఒక వేలు. అంతే. మళ్ళీ పట్టాను. అంతే.

నేను కప్పిన చూరు పాత ఎత్తులోనే ఉంది. మారింది స్తంభం. బార మీద మూర వెనక్కి పోయింది. ఎంత వెనక్కి కూర్చుంటే చూరు కంటికి అంత కిందికి దిగుతుంది. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

తెకినైతి అక్కడే కొబ్బరిపీచు తాళ్ళు పంచుతున్నాడు.

"బావా, ఒకసారి ఇలా వచ్చి కూర్చో" అన్నాను.

"పని వదిలి కూర్చోవడం మీ వంశం ఆచారం. మాది కాదు. చెప్పు."

"నీ చోటు వెనక్కి పోయింది. నాలుగు వేళ్ళు తక్కువ వస్తోంది. రెండు రాత్రులకు చుక్క ఒక వేలు ఎక్కుతుంది. ఇక్కడ కూర్చుని చూస్తే ఎనిమిది రాత్రులు ముందే చూరుకు తగులుతుంది."

అతను స్తంభం మీద చెయ్యి వేశాడు. "ఇది ఏ రాయి?"

"పాత రాయే."

"మా తాత ఆనుకున్న రాయి. మా నాన్న ఆనుకున్న రాయి. అదే రాయి, అదే వంశం, అదే చుక్క. ఇందులో కొత్తగా వచ్చింది నీ పిడికిలి ఒక్కటే."

"రాయి అదే బావా. చోటు అది కాదు."

అతను పైన దూలాల మీద ఉన్నవాళ్ళకు వినబడేట్టు గొంతు పెంచాడు. "విన్నారట్రా? చూరు కప్పరా అంటే మా బావ చుక్కను కూడా కప్పేస్తానంటున్నాడు."

పైనున్నవాళ్ళు నవ్వారు. ఒకడు, "వయసు మీదపడితే పిడికిలి ఉబ్బుతుందట మావా, అదేమో చూసుకో" అన్నాడు. ఇంకా నవ్వారు.

నేను నిచ్చెన ఎక్కి మిగతా చూరు కప్పాను. ఆ తర్వాత నెల రోజులపాటు, కల్లు గీయడానికి చెట్టెక్కిన ప్రతి సాయంత్రం కింద నుంచి ఎవడో ఒకడు నా పేరు పెట్టి అరిచేవాడు. "ఎరితాయీ, ఇవాళ ఎన్ని వేళ్ళు?" పిల్లలు కూడా నేర్చుకున్నారు.

నేను ఒకటి అనుకున్నాను. తెకినైతి తనంతట తాను వచ్చి అడగాలి. అడిగేదాకా ఈ మాట మళ్ళీ ఎత్తను.

మా కూతురు కినాయిని బేరులో ఇచ్చాం. ఆ ఏడు దానికి తొలి కాన్పు. తొలి కాన్పుకు తల్లి పక్కన లేకపోతే ఆ పిల్ల జీవితాంతం అత్తవారి మాట పడుతుంది. ప్రభుత్వ ఓడ మూడు నెలలకొకసారి వచ్చేది. అది అప్పటికే వచ్చి వెళ్ళిపోయింది. ఎర్రచుక్క ఎక్కిన మర్నాడు వెళ్ళే మొదటి పడవలో వెళ్తానని తెరాబో మూట కట్టుకుని కూర్చుంది. కొత్త చాప, రెండు సీసాల కొబ్బరినూనె, పసిబిడ్డను పడుకోబెట్టడానికి మెత్తటి పాత గుడ్డలు. రోజూ ఆ మూట విప్పి మళ్ళీ కట్టేది.

పెద్దలు మనేబాలో చుక్కను కనిపెట్టడం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం తిరిగివచ్చి, రేపు తగులుతుందని చెప్పారు. నేను కల్లు దించుకుని ఇంటికి వచ్చేసరికి తెరాబో గుమ్మంలో ఉంది.

"రేపేనట" అంది.

"రేపు కాదు. ఇంకా తొమ్మిది రాత్రులుంది. చెట్టు మీద నుంచి పిడికిలి పట్టి చూశాను. పడమటి రేవులో అల ఇంకా ఎలా కొడుతోందో నీకు వినిపించడం లేదా?"

ఆమె కాసేపు విన్నది. "వినిపిస్తోంది" అంది. తర్వాత నవ్వింది. "బడిలో పంతులు ఏం చెప్పాడో గుర్తుందా నీకు? ఆ ఎర్రచుక్క మహాకాయమట. మన సూర్యుణ్ణి పొట్టలో వేసుకుని త్రేనుపు కూడా తీయదట. అంతటిది మా అన్న చూరు కింద ఎలా దూరిందయ్యా?"

నాకు నవ్వు రాలేదు. "నువ్వు ఆగు. తొమ్మిది రాత్రులు ఆగి వెళ్ళు."

"కినాయికి నెలలు నిండాయి. చుక్కకు నెలలు నిండేదాకా ఆగమంటే ఆ బిడ్డ ఆగుతుందా?"

"నేను చెప్తున్నాను కదా."

"నాకు చెప్తావేం? మనేబాలో చెప్పు."

"అక్కడ చుక్క గురించి మాట్లాడే హక్కు నాకు లేదు."

"సందేహం ఉంటే అడగమంటారు. అడగడానికి అందరికీ హక్కుంది. అది కూడా తెలియని పిల్లనా నేను?"

నేను కల్లుబుర్ర వంకెకు తగిలించాను. ఆమె నా వెనకే వచ్చింది.

"రేపు మా అన్న 'ఎక్కింది' అనగానే నువ్వు లేచి ఒక్క మాట అడుగు. 'చోటు మారింది, సరిచూశారా' అని అడుగు. అంతే. ఊరు ఆగుతుంది. ఊరు ఆగితే నేనూ ఆగుతాను. పడవే లేకపోతే రాలేదని కినాయి అత్త కూడా ఏమీ అనలేదు. ఊరంతా వెళ్ళవచ్చని చెప్పాక, మొగుడు ఇంట్లో వద్దన్నాడని ఆగిపోతే నేను రేపు కూతురి ముఖం ఎలా చూడను?"

"వాడు నన్ను పదిమందిలో ఆట పట్టించాడు."

"ఆట పట్టించాడు. మా నాన్న పోలిక. అయితే ఏం? నీకు నేను కావాలా, వాడు వచ్చి బతిమాలడం కావాలా?"

ఆమె ఎండుచేప కాల్చి పెట్టింది. తిన్నాం.

మర్నాడు సాయంత్రం మనేబా నిండింది. చూరు కింద నుంచి వంగి లోపలికి వచ్చి ఎవరి చాపల మీద వాళ్ళు కూర్చున్నారు. ఆడవాళ్ళ వరసలో తెరాబో ఉంది. ఆమె నన్నే చూస్తోంది. తెకినైతి నడిమి రాతికి వీపు ఆన్చి, అరచెయ్యి కళ్ళ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చీకటి పడుతూ ఉంది. తూర్పున ఎర్రచుక్క నిప్పుకణికలా ఉంది.

అతను చెయ్యి దించాడు. "ఎక్కింది" అన్నాడు. తర్వాత, "ఎవరికైనా సందేహమా?" అన్నాడు.

ఆ మాట అంటూ నా వైపు చూశాడు. అది నేను కల్పించిన మాట కాదు. నావైపే చూశాడు. పెదవి కొంచెం వంకరపోయింది. నేను లేచి అడగాలని, అడిగితే ఇంకోసారి నవ్వించాలని చూస్తున్నాడనుకున్నాను. ఎనిమిది రాత్రుల్లో ఏదో ఒక పడవ తడిసి వెనక్కి వస్తుంది, అప్పుడు నవ్వేది నేను, అనుకున్నాను. నేను అనుకున్నది తడిసిన పడవ మాత్రమే.

ఎవరూ అడగలేదు. చాపల మీద చేతులు పడ్డాయి. నేనూ కొట్టాను.

తెరాబో చెయ్యి చాప మీద పడటం నేను చూశాను. అందరికన్నా ఆలస్యంగా పడింది.

తెల్లవారి పడవ కదిలింది. నడిపేవాడు తెకినైతి కొడుకు తబోకై, అతనికి తోడు ఇంకొకడు. సన్నటి తూర్పు గాలి ఉంది. తెకినైతి రేవులో నిలబడి, "చూశారా గాలి" అన్నాడు. ఎవరితోనూ అనలేదు, అందరితోనూ అన్నాడు. తెరాబో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"కల్లు పులవనివ్వకు. పానకం కాచి పెట్టు" అంది. "నేను వచ్చేసరికి నువ్వూ మా అన్నా మూతి ముడుపులు మానండి. ఇద్దరినీ కలిపినా ఒక్క మనిషి బుద్ధి కాదు."

తబోకై నవ్వి, "అత్తా, కూర్చో, పడవ ఒరుగుతోంది" అన్నాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే గాలి ఆగిపోయింది. నేను చెట్టు మీద ఉన్నాను. ఆకు కదలలేదు. తర్వాత ఆకులన్నీ ఒక్కసారిగా తూర్పుకు తిరిగాయి. పడమట ఆకాశం నల్లగా లేచింది. నేను చెట్టు దిగలేదు, జారాను. ఛాతీ చర్మం ఊడింది.

పడవ అప్పటికి సగం దారిలో ఉంటుంది. పడమటి గాలికి ఎదురు వెళ్ళలేదు. వెనక్కి కొట్టుకువస్తుంది. మా దీవి సన్నటి బద్ద. చీకట్లో దాని ఉత్తరం కొస పక్కనుంచో దక్షిణం కొస పక్కనుంచో దాటిపోతే ఇక తూర్పే. ఊరంతా ఎండు కొబ్బరాకుల కట్టలు మోసుకుని రెండు కొసలకూ పరిగెత్తింది. వానలో మంటలు నిలవలేదు. ఆరిపోతే మళ్ళీ వెలిగించాం. ఇళ్ళ మీది ఆకు కూడా పీకి కాల్చాం. ఉత్తరం కొసన నేను. దక్షిణం కొసన తెకినైతి. మూడు రాత్రులు.

పడవ రాలేదు. తెడ్డు కూడా రాలేదు.

నాలుగో రోజు తెకినైతి మా ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డాడు. చేతులు మోచేతులదాకా కాలి ఉన్నాయి. "బావా" అన్నాడు. నేను లేచి ఇంటి వెనకకు వెళ్ళాను. తిరిగివచ్చేసరికి లేడు. వాడి కొడుకు కూడా పోయాడని జనం నాకు గుర్తుచేసేవారు. వాడి కొడుకు వాడి లెక్క. నా భార్య నా లెక్క.

తొమ్మిదో రోజు తూర్పు గాలి నిలబడింది. నా పిడికిలి చెప్పిన రోజే.

బేరులో కినాయి ఎనిమిదో రోజు కన్నది. ఆడపిల్ల. వాన వెలిసి గాలి తిరిగాక వచ్చిన పడవవాడు ఆ కబురు తెచ్చి, మా కబురు పట్టుకుపోయాడు.

ఏడాది గడిచింది. చుక్క కాలం మళ్ళీ వచ్చేముందు ప్రభుత్వ ఓడ వచ్చింది. అందులో కినాయి బిడ్డతో దిగింది. తల్లి పోయి ఏడాది అవుతుందని వచ్చింది. నా ఇంట్లోనే ఉంది. బిడ్డకు తెరాబో అనే పేరు పెట్టారు. నేను ఆ పేరు పెట్టి పిలవలేదు. పాప అనేవాణ్ణి.

చుక్కను చూసే సాయంత్రం మనేబాకు వెళ్ళకూడదనుకున్నాను. "అమ్మ లేదు, నువ్వైనా రా" అని కినాయి అంది. వెళ్ళాను. నా చాప మీద కూర్చున్నాను. తెకినైతి జుట్టు పూర్తిగా నెరిసింది. అరచెయ్యి కళ్ళ ముందు పెట్టుకున్నాడు. చీకటి పడింది. చుక్క చూరుకు తగిలింది. నా చోటు నుంచి కూడా అతని కళ్ళు చూస్తే తెలిసింది.

అతను "ఎక్కింది" అనలేదు.

తర్వాత అతను స్తంభం నుంచి వీపు తీశాడు. ఆ పని ఆ వంశంలో ఎవరూ చేసి ఉండరు. చుక్క చూసే వేళ రాయి వదలడమంటే హక్కు వదలడమే. మోకాళ్ళ మీద ముందుకు జరిగి, మనేబా మధ్యకు వచ్చి, నా ఎదురుగా కూర్చున్నాడు.

"బావా, చూరు కప్పినవాడివి నువ్వు. నువ్వు చెప్పు. ఎక్కిందా?"

అతను అడిగాడు. ఏడాదికి పైగా నేను ఎదురుచూసిన మాట అది. పదిమందిలో అడిగాడు. ఎవరూ నవ్వలేదు.

"ఎక్కలేదు" అన్నాను. "ఎనిమిది రాత్రులు ఆగాలి."

"చోటు వల్లనా?"

"చోటు వల్లే. బార మీద మూర ముందుకు రావాలి."

"కిందటేడు కూడా ఎనిమిదేనా?"

"ఎనిమిదే."

అతను తల ఊపాడు. అక్కడితో వదిలేస్తాడనుకున్నాను. వదలలేదు. కోపంగా కూడా అడగలేదు. దారి అడిగినట్టు అడిగాడు.

"చూరు కప్పేటప్పుడు నువ్వు చెప్పావు. నేను నవ్వాను. అది నా పాపం, మోస్తున్నాను. చుక్క చూసిన రోజు సాయంత్రం సందేహమా అని నీ వైపు చూసి అడిగాను. నువ్వు లేస్తావేమో, ఆపుతావేమో అని నాకే లోపల ఉంది. నీ ముఖం చూసి, తన లెక్కే తప్పని తెలుసుకుని మనసు మార్చుకున్నాడులే అనుకున్నాను. ఆ సాయంత్రం కూడా నీకు తెలుసా?"

వెనక ఆడవాళ్ళ వరసలో పాప కేరింది. కినాయి దాన్ని ఊరుకోబెట్టలేదు.

తెలియదని అనవచ్చు. అంటే ఎవరూ కాదనరు. తెరాబో ఒక్కతే కాదనగలిగేది.

"తెలుసు" అన్నాను.

"చెల్లికి తెలుసా?"

"చెప్పాను."

"ఏమంది?"

"నేను లేచి అడిగితే ఆగిపోతానంది."

తెకినైతి నా ముఖం వైపు చూశాడు. అతను అరుస్తాడని, కొడతాడని చూశాను. కొడితే బాగుండేది. అతను వెనక్కి తిరిగి, మోకాళ్ళ మీదే వెళ్ళి, రాతికి కాక దాని ముందు ఉత్త చాప మీద కూర్చున్నాడు. ముసలివాళ్ళు ఒక తాడు తెప్పించి, రాతి నుంచి తూర్పుకు బార మీద మూర కొలిచి, అక్కడ ఒక గవ్వ పెట్టారు. ఆ రాత్రి చాపల మీద దెబ్బ పడలేదు.

నేను ఇంటికి వచ్చాను. కినాయి రాలేదు. మేనమామ ఇంట్లో పడుకుంది. ఎనిమిది రాత్రులూ అక్కడే ఉంది. తొమ్మిదో రోజు పడవలో బేరుకు వెళ్ళింది. నేను రేవుకు వెళ్ళాను. పాపను చూపించమని అడగలేదు. ఆమె చూపించలేదు. పడవ కదిలేముందు, "నువ్వు ఒక్క మాట" అంది. అక్కడ ఆగిపోయింది. పూర్తి చెయ్యలేదు. గాలి బాగుంది. మధ్యాహ్నానికి చేరి ఉంటారు.

ఇది జరిగి పదమూడేళ్ళయింది. తెకినైతి చచ్చిపోయాడు. వాడి తమ్ముడి కొడుకు గవ్వ దగ్గర కూర్చుని చుక్కను చూస్తాడు. సరిగానే చెబుతున్నాడు. ఏటా ఆ సాయంత్రం నన్ను రమ్మని మనిషిని పంపుతారు. నేను వెళ్ళను. చూరు మార్చాల్సినప్పుడు పగలు వెళ్ళి మార్చి వస్తాను. ఆ పని నాది.

నా భార్యను చంపింది తెకినైతి. వాడు చచ్చాడని ఆ మాట మార్చను. నేను చెయ్యి చాప మీద కొట్టాను, అది కూడా దాచలేదు. ఇక్కడ రాశాను కాబట్టి ఇక నోటితో చెప్పాల్సిన పని లేదు. పాప పెద్దదయిందని, వచ్చే ఏడు మా ఊరు చూడటానికి వస్తుందని అంటున్నారు. రానీ. తిండి పెడతాను. తీపి కల్లు దించి ఇస్తాను. దీన్ని గురించి అడిగితే చెప్పను. ఎవరు అడిగినా చెప్పను.